క్రియకు కాళ్ళూ చేతులూ

ఎనిమిదేళ్ళ మా మేనకోడలు ఒక సాయంత్రం ఇంగ్లీషు క్రియాపదాల పట్టికను ఏకబిగిన అప్పజెప్పింది: "గో, వెంట్, గాన్, షట్, షట్, షట్..." ఒక్క తప్పు లేదు. మెచ్చుకొని, "షట్ ద డోర్" అన్నాను. పిల్ల నా ముఖం చూస్తూ నిలబడిపోయింది. ఆ మాటకున్న మూడు రూపాలూ ఆమెకు కంఠస్థమే. ఆ మాట వింటే లేచి తలుపు వేయాలని మాత్రం తెలియదు.

తప్పు పిల్లది కాదు. "పనిని తెలియజేయు పదము క్రియ" అని వల్లె వేయిస్తూ, పిల్లలను ఏ పనీ చేయనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టే మన బోధనది.

నామవాచకం నేర్పడం తేలిక. ఆవును చూపి 'ఆవు' అంటాం. మాట ముగిసినా ఆవు అక్కడే ఉంటుంది. కాని 'దూకడం' ఇదీ అని వేలెత్తి చూపేలోగా దూకడం అయిపోతుంది! పసివాళ్ళ నోట నామవాచకాలు ముందు, క్రియలు తర్వాత వస్తాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డెడ్రీ జెంట్నర్ 1982లో వాదించడానికి ఇటువంటి కారణాలే ఆధారం.

ఈ చిక్కును మరియా మాంటిసోరి ఏనాడో గుర్తించారు. 1907లో రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె మొదటి 'బాలల ఇల్లు' తెరిచారు. చిన్న చీటీలపై ఆజ్ఞలు రాసి పిల్లలకిచ్చేవారు. పిల్లవాడు చీటీని మౌనంగా చదివి, అందులోని పని చేసి చూపాలి. పని సరిగా జరిగితే చదివింది అర్థమైనట్లే. వేరే పరీక్ష అక్కరలేదు. ఆమె పద్ధతిలో నామవాచకానికి గుర్తు నల్లని త్రికోణం, క్రియకు ఎర్రని వృత్తం. ఒకటి కదలని పదార్థం, రెండవది కదిలించే శక్తి. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, మన ఉపాధ్యాయులకు స్వయంగా శిక్షణ ఇచ్చారు.

పరభాషకూ ఇదే మార్గమని జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ ఆచార్యుడు 1960లలో ప్రతిపాదించారు. ముందు ఆజ్ఞ విని శరీరంతో జవాబివ్వాలి; మాట్లాడడం తర్వాత.

మరొక కిటుకు ఉంది. పని జరుగుతూ ఉండగా చెప్పిన క్రియ కంటే, జరగబోయే ముందు చెప్పిన క్రియను రెండేళ్ళ పిల్లలు బాగా పట్టుకుంటారని మైకేల్ టొమాసెల్లో, ఆన్ క్రూగర్ 1992లో చూపారు. కనుక బంతి విసురుతూ కాదు, విసరబోతూ "విసురుతున్నాను, చూడు" అనాలి.

మన తెలుగు ఈ ఆటకు ఎంతో అనువైనది. దూకు, పాడు, ఎగురు: ధాతువే ఆజ్ఞ. పైగా క్రియ వాక్యం చివర వస్తుంది. "బంతిని..." అని క్షణం ఆగండి. దాచమంటారో, విసరమంటారో, దొర్లించమంటారో అని పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. పని ముగిశాక "ఏం చేశావు?" అనండి. "విసిరాను" అంటాడు. "మరి చెల్లి?" "విసిరింది." "రేపు?" "విసురుతాను." కాలమూ, పురుషా, లింగమూ పట్టిక లేకుండానే వచ్చాయి! నిర్వచనం చెప్పడానికి ఇప్పుడు సమయం. తాను చేసినదానికి పేరు పెట్టడం ఏ బిడ్డకూ భారం కాదు.

మా ఇంట్లోనూ చీటీలు మొదలుపెట్టాము. వారం తిరిగేసరికి మేనకోడలే రాసి నా చేతికివ్వసాగింది. మొదటి చీటీలో "గెట్ అప్" అని ఉంది.

నేను లేచాను.