ఆన్‌లైన్‌లో చదవొచ్చు.. సూది మాత్రం చేత్తోనే!

2021 ఆగస్టులో మా అక్కకి వాట్సాప్‌లో ఒక లింకు పంపించా. ‘మెడికల్ అసిస్టెంట్ అవ్వండి. నాలుగు నెలలు. ఫుల్లీ ఆన్‌లైన్’ అని ఉంది అందులో. నా మాట నమ్మి అక్క 1,400 డాలర్లు కట్టేసింది. అప్పటి లెక్కలో లక్ష రూపాయల పైమాటే. ఆ డబ్బు మళ్లీ చేతికి రాలేదు.

నేను చేసిన ఆ తప్పు గురించి, ఆ తర్వాత అక్క రెండున్నరేళ్లు కూర్చుని చదివిన అసలు చదువు గురించి ఈ కథనం. మీ ఇంట్లోనూ అమెరికాలో ఉన్న అక్కో, వదినో ఇలాంటి కోర్సు గురించి అడిగి ఉండొచ్చు. అందుకే రాస్తున్నా.

లింకు పంపింది ఇంజినీరే!

అక్క తెనాలిలో బీఎస్సీ బీజడ్‌సీ చదివింది. పెళ్లయ్యాక బావతో డాలస్ వెళ్లింది. బావది హెచ్1బీ, అక్కది హెచ్4. చాలా ఏళ్లు వంట, పాప, టీవీ.. అంతే జీవితం. బావ ఐ-140 ఆమోదం పొందాక అక్కకి ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి వచ్చింది. హెచ్4 మీద ఉన్నవాళ్లకి ఈ అవకాశం 2015 మేలో మొదలైంది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. హెచ్4 మీద చదువుకోవడానికి వేరే వీసా అక్కర్లేదు. జీతం తీసుకోవాలంటేనే ఈఏడీ కావాలి.

“ఒరేయ్, నేనూ ఏదైనా చేస్తాను. మీ కోడింగ్ మాత్రం నా వల్ల కాదు. నాకు బయాలజీ ఇష్టం కదా” అంది అక్క. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా ఫీల్డ్‌లో ఏది నేర్చుకోవాలన్నా రూట్ ఒకటే. వీడియోలు చూడు, ప్రాక్టీస్ చెయ్, సర్టిఫికెట్ లింక్డ్‌ఇన్‌లో పెట్టు. నేను క్లౌడ్ నేర్చుకుంది అలాగే. అక్కకీ అదే ఫార్ములా వాడేశా. అరగంట వెతికి, అందరికంటే తక్కువ టైమ్ చెప్పిన లింకు పంపించా.

డిసెంబరుకల్లా సర్టిఫికెట్ వచ్చింది. మంచి డిజైన్, బంగారు రంగు ముద్ర. ఫ్యామిలీ గ్రూపులో అందరం కంగ్రాట్స్ చెప్పాం.

రెండే రెండు ప్రశ్నలు

కొత్త సంవత్సరంలో ఒక క్లినిక్ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆఫీస్ మేనేజర్ అడిగినవి రెండే ప్రశ్నలట. “ప్రాక్టికమ్ ఎక్కడ చేశారు? మీ ప్రోగ్రామ్‌కి అక్రెడిటేషన్ ఉందా?”

అక్క దగ్గర రెండింటికీ జవాబు లేదు. ఆ కోర్సులో క్లినిక్ శిక్షణే లేదు. రక్తం తీయడం వీడియోలో చూపించారు, కింద నాలుగు ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఇచ్చారు. అక్క అన్నిటికీ కరెక్ట్‌గానే టిక్ పెట్టింది. కానీ సూది ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు.

ఇంకో మూడు చోట్లా అదే జరిగింది. ఆ రాత్రి ఫోన్‌లో అక్క ఏడవలేదు, నన్ను తిట్టలేదు. “పోనీలేరా, ఇలాంటివన్నీ నాకు సెట్ కావు” అంది. తిట్టినా బాగుండేది అనిపించింది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ‘నావల్ల కాదు’ అనే మాట అక్క నోట రావడానికి కారణం నేను పంపిన లింకు.

అసలీ ఉద్యోగం ఏంటి?

ఆ తర్వాత నేను చేయాల్సిన పని చేశా. అంటే, ముందే చేయాల్సిన పని.

మెడికల్ అసిస్టెంట్ అంటే నర్స్ కాదు. డాక్టర్ గారి క్లినిక్‌లో రెండు వైపులా పనిచేసే మనిషి. ఒకవైపు అపాయింట్‌మెంట్లు, ఇన్సూరెన్స్, రికార్డులు, బిల్లింగ్ కోడ్‌లు. ఇంకోవైపు పేషెంట్‌ని గదిలోకి తీసుకెళ్లి బీపీ, పల్స్, టెంపరేచర్ చూడటం, వాడే మందుల లిస్టు రాసుకోవడం, ఈసీజీ తీయడం, డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్ ఇవ్వడం, రక్తం తీయడం. ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు అనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

చాలా రాష్ట్రాల్లో దీనికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. గందరగోళం మొదలయ్యేదే ఇక్కడ. లైసెన్సు లేదు కాబట్టి ఎవరైనా కోర్సు పెట్టేయొచ్చు. క్లినిక్‌లు మాత్రం గుర్తింపు ఉన్న సర్టిఫికేషన్ అడుగుతాయి. వాటిలో బాగా పేరున్నది ఏఏఎంఏ అనే సంస్థ ఇచ్చే ‘సీఎంఏ’. దానికి మామూలు దారి ఒకటే. సీఏఏహెచ్ఈపీ గానీ, ఏబీహెచ్ఈఎస్ గానీ అక్రెడిటేషన్ ఇచ్చిన ప్రోగ్రామ్‌లో చదివి ఉండాలి. ఆర్ఎంఏ, సీసీఎంఏ అని వేరే సంస్థల పరీక్షలూ ఉన్నాయి. వాటి అర్హతలు వేరు.

సీఏఏహెచ్ఈపీ వెబ్‌సైట్‌లో ప్రోగ్రామ్ పేరు కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నేను పంపిన కోర్సు అందులో లేదు. కోడ్ ప్రొడక్షన్‌లోకి పంపే ముందు ఇరవైసార్లు టెస్ట్ చేసే నేను, అక్క విషయంలో ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

ఈసారి కాలేజీని అక్కే వెతుక్కుంది. వాళ్ల ఇంటికి దగ్గర్లో ఒక కమ్యూనిటీ కాలేజీ. అక్రెడిటేషన్ ఉంది. రెండు దారులు చూపించారు. ఏడాదిలో అయిపోయే సర్టిఫికెట్ ఒకటి, దాదాపు 60 క్రెడిట్లుండే అసోసియేట్ డిగ్రీ ఇంకొకటి. క్లినికల్ సబ్జెక్టులు రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. డిగ్రీలో ఇంగ్లిష్, సైకాలజీ, మ్యాథ్స్ లాంటివి అదనం.

నిజం చెప్పాలంటే ఈ ఉద్యోగానికి అసోసియేట్ డిగ్రీ తప్పనిసరి కాదు. సర్టిఫికెట్‌తోనూ తీసుకుంటారు. అక్క డిగ్రీ ఎందుకు ఎంచుకుందంటే, రేపు ఇంకేదైనా చదవాలనుకుంటే కొన్ని క్రెడిట్లయినా పనికొస్తాయని. తెనాలి బీఎస్సీ మార్కుల్ని ఎవాల్యుయేషన్‌కి పంపితే కొన్ని సబ్జెక్టులు మినహాయించారు కూడా. 2022 ఆగస్టులో చేరింది.

అర్ధరాత్రి క్లాసులు

థియరీ అంతా ఆన్‌లైన్. పాప పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నరకి అక్క ల్యాప్‌టాప్ తెరిచేది. ఇక్కడ నాకు ఉదయం ఎనిమిది. నేను మెట్రోలో ఆఫీసుకి వెళ్తూ అక్కకి పాఠం అప్పజెప్పించుకునేవాణ్ని.

మెడికల్ పదాలు అక్కకి భలే ఇష్టం. “ఇవన్నీ మన సమాసాల్లాంటివేరా. ముక్కలు విడదీస్తే అర్థం దానంతటదే వచ్చేస్తుంది” అనేది. చివర్లో ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘ఎక్టమీ’ ఉంటే కోసి తీసేయడం. బిల్లింగ్ కోడ్‌లు మాత్రం నాకు నచ్చాయి. టైప్ 2 షుగర్‌కి, ఇంకే ఇబ్బందీ లేకపోతే, ఈ11.9 అని కోడ్. ఎర్రర్ కోడ్‌ల మధ్య బతికేవాడిని కదా!

పరీక్షలు వెబ్‌క్యామ్ ముందే. గది మొత్తం కెమెరాలో చూపించాలి, పక్కకి చూడకూడదు. ఒకసారి పరీక్ష మధ్యలో మా మేనకోడలు నిద్రలేచి “అమ్మా, నీళ్లు” అంటూ వచ్చేసింది. తర్వాత అక్క ప్రొఫెసర్‌కి సంజాయిషీ మెయిల్ రాసుకోవాల్సి వచ్చింది.

శనివారాలు మాత్రం కాలేజీ ల్యాబ్‌కి వెళ్లాల్సిందే. అక్కడే అసలు తేడా అర్థమైంది. మొదట రబ్బరు చెయ్యి. అందులో ఎర్రరంగు నీళ్లు. దాని మీద చెయ్యి కుదిరాక, టీచర్ పక్కన ఉండగా తోటి విద్యార్థుల చేతుల మీద. అక్కకి మొదటిసారి నరం దొరకలేదు. చెయ్యి వణికిందట.

“వీడియోలో నరం ఎప్పుడూ దొరుకుతుందిరా. మనిషి చేతిలో అది జారిపోతుంది” అంది ఆ రోజు.

రక్తం పట్టే గొట్టాలకీ ఒక వరుస ఉంది. లేత నీలం మూతది ముందు, ఆ తర్వాత ఎరుపు లేదా బంగారు రంగు, తర్వాత ఆకుపచ్చ, ఆ తర్వాత లావెండర్, చివర్లో బూడిద రంగు. ఎందుకంటే లావెండర్ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా పొటాషియం ఉన్న మందు ఉంటుంది. అది ముందు పట్టి, ఆ తర్వాత వేరే గొట్టం పడితే, ఆ మందు కాస్త అంటినా రిపోర్టులో పొటాషియం ఎక్కువ చూపించొచ్చు. మనిషి బాగానే ఉంటాడు, కాగితం మాత్రం ప్రమాదం అంటుంది. నా కోడ్‌లో తప్పుంటే రోల్‌బ్యాక్ చేస్తా. అక్క పనిలో ఆ బటన్ లేదు.

“కాంపౌండర్ పనా?”

అమ్మకి మొదట్నుంచీ నచ్చలేదు. “డిగ్రీ చదివి, అమెరికా వెళ్లి, కాంపౌండర్ పని చేస్తుందా? నలుగురికీ ఏమని చెప్పను?” అని నాతో గొణిగేది. నిజానికి నాలోనూ ఎక్కడో ఆ చిన్నచూపు ఉంది. అందుకే నాలుగు నెలల కోర్సు చాల్లే అనుకున్నానేమో.

2023 వేసవిలో అక్క తెనాలి వచ్చింది, బీపీ మిషన్, స్టెతస్కోప్ వెంటబెట్టుకుని. అమ్మని కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టింది. కాళ్లు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, ఐదు నిమిషాలు మాట్లాడకూడదు అంది. అమ్మని ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉంచడం మా ఇంట్లో రికార్డు! చెవితో శబ్దం విని, రెండు చేతులకీ చూసి, వరుసగా మూడు రోజులు నోట్‌బుక్‌లో రాసింది. అంకెలు ఎక్కువగానే ఉన్నాయి. “అమ్మా, మాత్ర రోజూ వేసుకుంటున్నావా?” అని అడిగితే, అప్పుడు చెప్పింది అమ్మ, తల తిరిగిన రోజునే వేసుకుంటోందని.

ఆ నోట్‌బుక్ తీసుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆ తర్వాత కాంపౌండర్ అనే మాట మా ఇంట్లో వినలేదు.

160 గంటలు

చివర్లో ప్రాక్టికమ్. కాలేజీ కుదిర్చిన క్లినిక్‌లో కనీసం 160 గంటలు పని చేయాలి. అక్కకి జీతం ఏమీ లేదు. వారానికి 20 గంటల చొప్పున ఎనిమిది వారాలు పట్టింది. దానికి ముందు పెద్ద లిస్టు ఇచ్చారు. నేరచరిత్ర పరిశీలన, డ్రగ్ టెస్ట్, సీపీఆర్ కార్డు, హెపటైటిస్ బి టీకాలు.

మనవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. చిన్నప్పటి టీకాల కార్డు ఎవరింట్లో ఉంది? అమ్మ బీరువా మొత్తం వెతికింది, దొరకలేదు. చివరికి రక్తపరీక్ష చేయించుకుని ఏ జబ్బులకి రక్షణ ఉందో చూపించాల్సి వచ్చింది. టీబీదీ అంతే. మనకి చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి, చర్మం మీద చేసే టెస్టు పాజిటివ్ అని తప్పుగా చూపించొచ్చు. దీనికీ రక్తపరీక్ష అడిగి చేయించుకోవడం మేలు. ఈ పనులకి రెండు మూడు నెలల ముందే దిగండి.

2024 డిసెంబరులో డిగ్రీ పూర్తయింది. రెండు నెలలకి సీఎంఏ పరీక్ష. 200 ప్రశ్నలు, 160 నిమిషాలు. పాసైంది. ఇప్పుడు ఒక ఫ్యామిలీ క్లినిక్‌లో పని చేస్తోంది.

జీతం గురించి దాచడానికేం లేదు. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2023 మేలో మెడికల్ అసిస్టెంట్ల మధ్యస్థ వేతనం ఏడాదికి 42,000 డాలర్లు. గంటకి 20 డాలర్లు. బావ జీతంతో పోల్చితే చిన్నదే. పైగా రోజంతా నిలబడాలి. ఈ డిగ్రీతో నర్స్ అయిపోతారనుకోవడం కూడా పొరపాటే. నర్సింగ్ చదువు వేరు. సైన్స్ క్రెడిట్లు ఎన్నేళ్ల వరకు తీసుకుంటారో ఆ కాలేజీనే అడగాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

* అక్రెడిటేషన్ ఎవరు ఇచ్చారు? కాలేజీ మాట కాదు, ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే చూడండి.
* ఈ కోర్సుతో ఏ సర్టిఫికేషన్ పరీక్ష రాయొచ్చు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.
* ప్రాక్టికమ్ క్లినిక్ వాళ్లు కుదురుస్తారా, మనమే వెతుక్కోవాలా?
* ల్యాబ్ ఎక్కడ, ఎన్ని రోజులు?
* మీ రాష్ట్రంలో రూల్స్ ఏంటి? వాషింగ్టన్ లాంటి చోట ప్రభుత్వ అనుమతి కూడా కావాలి.
* మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి ఎంత ఇస్తారు?

పోయిన నెల మా బాబాయి కూతురు న్యూజెర్సీ నుంచి మెసేజ్ పెట్టింది. “అన్నయ్యా, ఈ కోర్సు చూడు. మూడు నెలలే. ఫుల్లీ ఆన్‌లైన్!” అని.

ఈసారి నేను లింకు తెరవకముందే రిప్లై ఇచ్చా. “సూది ఎక్కడ పట్టిస్తారో అడుగు. ఆ తర్వాత మన అక్కకి ఫోన్ చెయ్. నన్ను మాత్రం అడగకు!”