ఆస్తి రూపాన్ని బట్టే అప్పు
సరుకుపై పరపతి: వర్తకులు గమనించవలసిన లెక్క

బ్యాంకులో ఒక సంస్థకు ఎంత లిమిట్ దొరుకుతుందనేది దాని మొత్తం ఆస్తి కంటే, ఆ ఆస్తి ఏ రూపంలో ఉన్నదనే దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. సొంత భవనం గల వర్తకునికి సీజన్‌లో రొక్కానికి కటకట ఏర్పడవచ్చు. అద్దె గోదాములో సరుకున్న వర్తకునికి సులువుగా అప్పు పుట్టవచ్చు.

గుంటూరు మిర్చి వ్యాపారమే ఇందుకు ఉదాహరణ. సీజన్‌లో యార్డుకు వచ్చిన సరుకులో వెంటనే అమ్ముడు కానిది కోల్డ్ స్టోరేజీలకు చేరుతుంది. ఆ నిల్వపై అప్పు రెండు విధాలు. ప్లెడ్జ్ పద్ధతిలో సరుకు బ్యాంకు స్వాధీనంలో ఉంటుంది. బాకీ తీర్చనిదే బస్తా కదలదు. నెలల తరబడి నిల్వ ఉంచేవారికి ఇది అనువు. హైపోథికేషన్‌లో సరుకు వర్తకుని చేతిలోనే ఉంటుంది. స్టాకు స్టేట్‌మెంట్ ఇస్తూ ఉండాలి. రోజూ కొని అమ్మేవారికి ఈ క్యాష్ క్రెడిట్ తప్పదు.

ధర తగ్గితే

ఒక వర్తకుని వద్ద 40 లక్షల రూపాయల సరుకు ఉన్నదనుకుందాం. అందులో 10 లక్షలు అరువు. బ్యాంకు మార్జిన్ 25 శాతం. మిగిలిన 30 లక్షలపై 22.50 లక్షలు వాడుకోవచ్చు. ధర 20 శాతం పడిపోతే సరుకు విలువ 32 లక్షలకు దిగుతుంది. అరువు మాత్రం తగ్గదు. అప్పుడు వాడుకోగలిగినది 16.50 లక్షలే. లిమిట్ పూర్తిగా వాడిన వర్తకుడు 6 లక్షలు తెచ్చి కట్టాలి, లేదా పడిన ధరకే సరుకు వదులుకోవాలి. అందరూ ఒకేసారి అమ్మకాలకు దిగితే మార్కెట్ మరింత మెత్తబడుతుంది.

సరుకు అరువుకు అమ్మినవారి ఆస్తి రావలసిన బాకీల రూపంలో ఉంటుంది. అటువంటివారికి బిల్లు డిస్కౌంటు అనువు. అయితే గడువు మీరిన పాత బాకీలను బ్యాంకులు లెక్కలోకి తీసుకోవు.

యంత్రాలు, భవనాలు అదనపు హామీగా పనికివస్తాయే గాని, వాటితో వాడకం పరిమితి పెరగదు. క్యాష్ క్రెడిట్ సొమ్ముతో గోదాము కట్టినవారికి సీజన్‌లో సరుకు కొనేందుకు డబ్బు మిగలదు.

చలామణీ ఆస్తులలో నాలుగోవంతు దీర్ఘకాలిక నిధుల నుంచే రావాలన్నది 1975 నాటి టాండన్ కమిటీ సూచించిన రెండవ పద్ధతి. 1997లో రిజర్వు బ్యాంకు ఈ మదింపును బ్యాంకులకే వదిలివేసింది. నిబంధన సడలినా అందులోని జాగ్రత్త వర్తకునికి అవసరమే. లిమిట్‌లో కొంత భాగం వాడకుండా ఉంచుకున్నవారే ధర పడినప్పుడు సరుకు నిలుపుకోగలుగుతారు.