కుక్కల తుంటి నొప్పికి సప్లిమెంట్ల ఎంపికలో జాగ్రత్త అవసరం

రాజమహేంద్రవరం: గోదావరి జిల్లాల ఇళ్లలో పెంచుతున్న లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ కుక్కలకు హిప్ డిస్‌ప్లేసియా అనే తుంటి కీలు లోపం వంశపారంపర్యంగా సంక్రమించే అవకాశం అధికం. తొడ ఎముక తల కీలు గుంటలో సరిగా ఇమడనందున మృదులాస్థి క్రమేణా అరిగి, కుక్క లేవడానికి, మెట్లెక్కడానికి బాధపడుతుంది. ఎక్స్‌రే ద్వారా నిర్ధారణ జరిగిన పిదపనే సప్లిమెంట్లను ఎంచుకోవలసి ఉంటుంది.

దుకాణాలలో లభించు వాటిలో గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మిశ్రమాలే ఎక్కువ. అయితే 2022లో ప్రచురితమైన పరిశోధనల సమీక్ష ఒకటి, వీటితో నొప్పి తగ్గుతుందనుటకు తగిన ఆధారం లేదని, చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలకు ఆధారం ఉన్నదని తెలిపినది. కావున ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. పరిమాణం మిల్లీగ్రాములలో స్పష్టంగా ముద్రించిన డబ్బానే కొనుట మంచిది. చేపలకు కొదవలేని డెల్టాలో ఇంటి పులుసే చాలుననుకోరాదు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హానికరం.

సప్లిమెంటు కన్నా ముఖ్యమైనది బరువు. అమెరికాలో 48 లాబ్రడార్లపై జీవితాంతం జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, 25 శాతం తక్కువ ఆహారం తిన్నవి సుమారు రెండేళ్లు అధికంగా జీవించాయి. వాటికి కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చినది.

సప్లిమెంటు పనిచేయలేదని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయుట ప్రాణాంతకం కావచ్చును. కడుపులో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం కలుగుతాయి. ఇప్పటికే వేసియుంటే మాత్రల అట్టతో సహా వెంటనే పశువైద్యుని సంప్రదించవలెను.