గుండ్రటి పోర్టుకు కొత్త కీబోర్డు

కొత్త కీబోర్డును పాత కంప్యూటరుకు తగిలించాలంటే చివరనున్న ప్లగ్గు ఆకారం మారిస్తే చాలని చాలామంది అనుకుంటారు. అందుకోసం ఒకవైపు చదునైన యూఎస్‌బీ రంధ్రం, రెండోవైపు ఆరు పిన్నుల గుండ్రటి మూతి ఉన్న చిన్న ముక్కను కొంటారు. అది పెట్టాక కీబోర్డు పలికితే సరే. పలకకపోతే ముక్క నాసిరకమనో, పోర్టు పోయిందనో తేల్చేస్తారు. చాలాసార్లు రెండూ నిజం కావు. ఆ ముక్కలో తీగలు తప్ప ఇంకేమీ ఉండదు. గుండ్రటి పోర్టుకు తెలిసిన భాష వేరు, కొత్త కీబోర్డు మాట్లాడే భాష వేరు. ఆ రెండింటి నడుమ ఎక్కడో ఒకచోట ఒక దుబాసి ఉండి తీరాలి. పీసీ కీబోర్డు నలభై ఏళ్ళ కథంతా ఆ దుబాసి చోటు మారుతూ వచ్చిన కథే.

1981లో ఐబీఎం తొలి పీసీ అయిదు పిన్నుల గుండ్రటి ప్లగ్గున్న కీబోర్డుతో వచ్చింది. మీట నొక్కితే లోపలికి అక్షరం వెళ్ళదు, ఆ మీట స్థానానికి కేటాయించిన సంఖ్య వెళుతుంది. ఇంగ్లీషు ‘కే’ మీటకు ఆ సంఖ్య 37. వేలు తీయగానే దానికి 128 కలిపి 165 వెళుతుంది. 1984లో ఐబీఎం తర్వాతి పీసీ, ఏటీ వచ్చేసరికి ప్లగ్గు అదే ఉంది గానీ సంఖ్యల పట్టిక మారింది, కంప్యూటరు కూడా కీబోర్డుకు ఆదేశాలు పంపే వీలు కలిగింది. ‘కే’ మీట 66 అయింది. మరి 37 కోసం కాచుకుని ఉండే పాత ప్రోగ్రాముల గతి ఏమిటి? ఐబీఎం మదర్‌బోర్డు మీద 8042 అనే చిన్న కంట్రోలరును కూర్చోబెట్టి, వచ్చిన 66ను 37గా మార్పించి లోపలికి పంపింది. తొలి దుబాసి అదే. తొలి పీసీ కీబోర్డును తెచ్చి ఏటీకి పెడితే ప్లగ్గు చక్కగా దూరుతుంది, కానీ పనిచేయదు. అందుకే ఆ రోజుల్లో కొన్ని కీబోర్డుల అడుగున రెండు పద్ధతుల మధ్య మార్చుకునే స్విచ్చి ఉండేది. 1987లో ఐబీఎం పీఎస్/2 యంత్రాలతో ప్లగ్గు చిన్నదై ఆరు పిన్నులకు మారింది, భాష మాత్రం ఏటీదే. ఏటీ, పీఎస్/2 ప్లగ్గులను ఉత్త తీగల ముక్కతో కలిపితే నిక్షేపంగా పనిచేస్తాయి. ఆకారం కలిసినా మాట కలవని జత ఒకటి, ఆకారం కలవకపోయినా మాట కలిసిన జత మరొకటి. అసలు సంగతి ప్లగ్గులో లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1996లో వచ్చిన యూఎస్‌బీతో తేడా సంఖ్యల దగ్గర ఆగలేదు. బరోడాలో చదువుకున్న అజయ్ భట్ ఇంటెల్‌లో పెంచిన ఈ పద్ధతి, ఎవరు ముందు మాట్లాడాలన్న నియమాన్నే తిరగేసింది. పీఎస్/2లో చొరవ కీబోర్డుది. మీట పడగానే తానే క్లాక్ పల్సులు పుట్టించి, పదకొండు బిట్ల వరుసగా సంఖ్యను పంపేస్తుంది. యూఎస్‌బీలో కీబోర్డు తనంతట తాను నోరు విప్పదు. కంప్యూటరు కొన్ని మిల్లీసెకన్లకోసారి అడుగుతుంది, అడిగినప్పుడు ఆ క్షణాన ఏయే మీటలు నొక్కి ఉన్నాయో ఎనిమిది బైట్ల జాబితాలో చెబుతుంది. అందులో ‘కే’ సంఖ్య 14. నిజమైన కన్వర్టరు చేయాల్సిన పని ఇక్కడ తెలుస్తుంది. అది కంప్యూటరులా కీబోర్డును పదేపదే అడగాలి. ఇంతకుముందటి జాబితాకూ ఇప్పటి జాబితాకూ తేడా చూసి ఏ మీట పడిందో, ఏది లేచిందో తేల్చాలి. ఆ తర్వాత కీబోర్డులా పాత యంత్రానికి 66 పంపాలి. మీట నొక్కి పట్టుకుంటే అక్షరం వరసగా పడటం పాత పద్ధతిలో కీబోర్డు బాధ్యత, కొత్త పద్ధతిలో కంప్యూటరు బాధ్యత. అదీ కన్వర్టరే నెత్తిన వేసుకోవాలి. సిస్టమ్ ఆన్ చేయగానే ‘నేను బాగానే ఉన్నాను’ అన్నట్టు 170 అనే సంఖ్య పంపాలి. అది అందకపోతే పాత యంత్రం చాలాసార్లు కీబోర్డు లేదని తెరమీద రాసి అక్కడే ఆగిపోతుంది. ఇంత పనికి తీగలు చాలవు, సొంత ప్రోగ్రాము ఉన్న చిప్పు కావాలి.

మరి అదే చిన్న ముక్కతో ఎన్నో కీబోర్డులు పనిచేశాయి కదా అని అడగవచ్చు. పనిచేశాయి, నిజమే. రెండు రకాల పోర్టులూ పక్కపక్కనే నడిచిన సంధికాలంలో తయారీదారులు దుబాసిని కీబోర్డులోనే పెట్టారు. అవతల ఉన్నది ఏ పోర్టో తీగల తీరును బట్టి గ్రహించి, ఆ భాష ఎత్తుకునే చిప్పులవి. వాటితో పాటు వచ్చిన ముక్క వాటికే ఉద్దేశించినది. గుండ్రటి పోర్టులు తగ్గాక ఆ ఖర్చు అనవసరమై, ఎన్నో కొత్త కీబోర్డుల్లోంచి రెండో భాష తీసేశారు. వైర్‌లెస్ కీబోర్డుల రిసీవర్లలో మామూలుగా అది ఉండదు. కాబట్టి ముక్కను తిట్టే ముందు ఈ కీబోర్డుకు రెండో భాష ఉందా అని చూడాలి. లేకపోతే చిప్పున్న కన్వర్టరు కొనాలి. ఏది పెట్టినా సిస్టమ్ ఆపి పెట్టాలి. గుండ్రటి పోర్టు నడుస్తున్న యంత్రంలో పెట్టడానికీ తీయడానికీ రూపొందినది కాదు.

తెలుగులో టైపు చేసే మన పనికి ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఈ కన్వర్టరుకు తెలుగు తెలియనక్కర్లేదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించగా, 1991లో భారత ప్రమాణంలో చోటు దక్కిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘క’ పడేది ‘కే’ మీట మీదే. తీగలో పోయేది స్థానం సంఖ్య మాత్రమే, దాన్ని ‘క’ చేసేది లోపలి సాఫ్ట్‌వేరు. డీటీపీ సెంటర్లో అనూ స్క్రిప్టులో ఏ అమరికతో కొట్టినా ఇంతే. ఐఐటీ కాన్పూరులో మొదలై సీడాక్ చేతిలో పెరిగిన జిస్ట్ కార్డు డాస్ ప్రోగ్రాముల్లో భారతీయ లిపులను నడిపించింది. అది దిగేది పాత పీసీ స్లాటులోనే, ఈనాటి యంత్రంలో దానికి చోటు లేదు. అలాంటి యంత్రం ఎక్కడైనా ప్రాణంతో మిగిలి ఉంటే, దాన్ని తెలుగు కంప్యూటింగ్ చరిత్రగా దాచుకోవాలి. కీబోర్డు దొరకలేదని తుక్కు కింద వేయడం అన్యాయం.

పాత కంప్యూటరును పట్టుకు వేలాడటమెందుకు, కొత్తది కొనలేరా అన్నది గట్టి ప్రశ్న. కొన్ని చోట్ల దానికే నా ఓటు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ ‘కార్డ్’ పేరుతో మొదలైనప్పుడు కీబోర్డంటే గుండ్రటి ప్లగ్గుదే. తర్వాత 2011లో మీసేవ, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఇంటర్నెట్టు మీద సర్టిఫికెట్లిచ్చే పనికి పాత యంత్రం పనికిరాదు, భద్రత దృష్ట్యా ఉంచకూడదు కూడా. కానీ సిమెంటు ఫ్యాక్టరీలోనో సున్నపు బట్టీల దగ్గరో లారీలు తూచే కాటాకు కట్టిన కంప్యూటరు సంగతి వేరు. దాని ప్రోగ్రాము విండోస్ ఎన్‌టీ 4 మీద రాసిందైతే, ఆ విండోస్‌కు యూఎస్‌బీ అంటేనే తెలియదు. కొత్త సిస్టమ్ కొంటే ప్రోగ్రాము తిరగరాయించాలి, కాటాతో మళ్ళీ కలపాలి, తూకం సరిచూడాలి. మీటలు అరిగిన కీబోర్డు ఒక్కటీ మారిస్తే తీరేదానికి అంత ఖర్చు న్యాయం కాదు. పైగా పెన్‌డ్రైవులు పెట్టకుండా యూఎస్‌బీ మూసేసే ఆఫీసుల కోసం కొన్ని కొత్త మదర్‌బోర్డుల మీద కూడా పీఎస్/2 పోర్టు ఇంకా ఇస్తున్నారు.

కన్వర్టరుకు డబ్బు పెట్టేముందు చూడాల్సిందొకటుంది. వెనక యూఎస్‌బీ పోర్టు ఉండి, పాత డాస్‌లో కీబోర్డు పలకకపోతే బయాస్‌లో యూఎస్‌బీ లెగసీ సపోర్టు ఆన్ చేయాలి. అప్పుడు బయాసే కీబోర్డును అడిగి తెలుసుకుని, డాస్‌కు 8042లా నటిస్తుంది. ఆ పోర్టే లేని యంత్రాలకు హిడ్‌మ్యాన్ లాంటి కన్వర్టర్లున్నాయి. దాని డిజైను అందరికీ తెరిచి పెట్టారు. యూఎస్‌బీ కీబోర్డు ‘కే’ మీటకు 14 అని చెబితే, ఎదుట ఉన్నది ఏటీ అయితే 66, 1981 నాటి పీసీ అయితే 37 పంపుతుంది. నరసరావుపేట లాంటి ఊళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థులు ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఇలాంటిదొకటి కట్టి, దగ్గర్లో ఆగిపోయిన ఒక కాటా కంప్యూటరుకు తగిలించి చూపవచ్చు.