పల్లీల డబ్బా వెనక ఒక సంసారం



ఇవాళ పొద్దున మీలో చాలామంది చట్నీకి గుప్పెడు పల్లీలు వేయించే ఉంటారు. ఆ గుప్పెడు గింజలు పండించే ఇల్లు ఎట్లా నడుస్తుందో నాలుగు మాటలు చెబుతాను.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు వస్తుందన్న పూచీ లేదు. అక్కడ ఐదెకరాల మెట్ట ఉన్న కుటుంబం అనుకోండి. మూడెకరాల్లో వేరుశెనగ, మధ్యమధ్య కంది సాళ్ళు. మిగతా రెండెకరాల్లో జొన్న, కొర్ర. కాయ అమ్మకానికి, జొన్న తిండికి, చొప్పా కట్టే పశువులకు. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందని!

అన్నిటికంటే కష్టం విత్తనం దాచడం. ఎకరానికి దాదాపు 60 కిలోల పప్పు విత్తాలి. అంటే మూడెకరాలకు 180 కిలోలు. నూరు కిలోల కాయ ఒలిస్తే 70 కిలోల పప్పు వస్తుందనుకున్నా, రెండున్నర క్వింటాళ్ళకు పైగా కాయ దాచాలి. పిల్లల ఫీజు కట్టాల్సి వచ్చినా, పండగ వచ్చినా ఆ బస్తాల మీద చెయ్యి వేయకూడదు. వేశారా, వచ్చే ఏడు అప్పు చేసి విత్తనం కొనాలి. తొలకరి పదును నాలుగు రోజులే ఉంటుంది. మనకు అప్పు పుట్టేదాకా అది ఆగదు కదా!

ఇప్పుడు ట్రాక్టరుతో విత్తుతున్నారు, కాయ ఒలవడానికీ యంత్రాలొచ్చాయి. నడుం నొప్పి తగ్గింది, నిజమే. కానీ బాడుగ, డీజిలు, బ్యాంకి వాయిదా ఇవన్నీ కొత్త ఖర్చులు. వాటిని రోజూ పుస్తకంలో రాసుకోని ఇంట్లో, పంట పండినా మిగిలిందేమిటో తెలియదు. మీ పాల లెక్క, చాకలి పద్దు లాంటిదే ఇదీను.

పంట చేతికొచ్చాక అసలు పరీక్ష ఎండబెట్టడం. 2024-25లో కేంద్రం వేరుశెనగకు క్వింటాలుకు 6,783 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. కాయ పచ్చిగా ఉంటే ఆ ధర అందదు. తేమ నూటికి ఎనిమిది పాళ్ళకు దిగాలి. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి, గింజను నలిపితే పొర ఊడిరావాలి. కల్లంలో ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. మబ్బు పట్టిందంటే చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తవలసిందే.

ఎందుకంత తొందరంటే, తడి తగిలిన కాయకు బూజు పడుతుంది. కొన్ని రకాల బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు చచ్చిపోతే, మేతలో వేసిన వేరుశెనగ పిండిలో ఈ విషం బయటపడింది. ఇది కాలేయాన్ని పాడుచేస్తుంది. వేయించినా పూర్తిగా పోదు.

అందుచేత బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి కనిపిస్తే ఏరి పారేయండి. "వేయిస్తే సరిపోతుందిలే" అనుకోవద్దు. గింజ కాస్త ఖరీదైనా, బాగా ఎండిన శుభ్రమైన సరుకే అడిగి కొనండి. అటువంటి సరుకుకు గిరాకీ ఉంటేనే, కల్లంలో ఎండకు మాడి కాయ ఎండబెట్టిన ఆ ఇల్లాలి శ్రమకు విలువ దక్కుతుంది.

సెలవు.