సాల్మను పిల్లలు – సముద్రపు పేలు

పేనని పిలుతురు గాని, యిది పురుగు కాదు. రొయ్యకు, పీతకు దూరపు చుట్టము. సాల్మను చేపల నంటిపెట్టుకొని, వాని జిగురును, చర్మమును, రక్తమును దిని బ్రదుకును. ఎదిగిన చేపకు నాలుగైదు పేలు లెక్కలోనివి కావు. పిల్లచేప సంగతి వేరు. కెనడా పశ్చిమతీరమున గులాబి సాల్మను పిల్ల నదిని వీడి సముద్రము చేరునప్పటికి పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. బరువు గ్రాములో నాలుగవ వంతు. ఒంటిపై పొలుసులైనను ఏర్పడి యుండవు. ఒకటి రెండు పేలే దాని ప్రాణము తీయవచ్చును.

అయినను ఈ జాతి వేలయేండ్లుగా నిలిచినది. ఎట్లు? తల్లిదండ్రులు శరత్కాలమున నదులకెక్కి, గ్రుడ్లుపెట్టి మరణించును. వానితో వచ్చిన పేలు మంచినీటిలో బ్రదుకవు. వసంతమున పిల్లలు దిగివచ్చునప్పటికి తీరజలములలో పేలు అరుదు. తల్లి లేకపోవుట యిచట బిడ్డకు మేలే!

ఈ వ్యవధిని చెరచినవి మనుష్యుల వలపంజరములు. బ్రాటన్ ద్వీపసమూహమున అట్లాంటిక్ సాల్మనును తెచ్చి, సముద్రములోనే, ఏడాది పొడవునా పెంచిరి. శరత్తులో తిరిగివచ్చు చేపలనుండి పంజరములకు సోకిన పేలు చలికాలమంతయు అచటనే వృద్ధిపొందెను. 2001 వసంతమున ఆ దారిని పోవు పిల్లలపై పేలు విరివిగా కనబడెను. గులాబి సాల్మను ఆయువు రెండేండ్లే. ఆ పిల్లలు 2002లో పెద్దవై మరలిరావలెను. 2000లో సుమారు 36 లక్షలు వచ్చినచోట, 2002లో వచ్చినవి 1,47,000 మాత్రమే.

పేలొక్కటే కారణము కాదనిన శాస్త్రజ్ఞులును గలరు. ఆ వాదము చాలకాలము సాగెను. కాని 2003లో పిల్లలు దాటుకాలమున కొన్ని పంజరములను ఖాళీచేయగా, వానిపై పేలు తగ్గెను. బ్రిటిష్ కొలంబియా తీరమున ఇట్టి పంజరముల పెంపకము 2029 జూన్ 30 నాటికి ముగియవలెనని కెనడా ప్రభుత్వము 2024లో ప్రకటించెను.