విమానము నడిపేవారి నిద్ర

పైలట్ అనగానే తెల్లని చొక్కా, భుజముల మీద బంగారు చారలు, పెద్ద హోటల్ గది మన కన్నుల ముందు నిలుస్తాయి. అమెరికాలో ఎందరో పైలట్లు పనికి వెళ్లే తీరు వింటే ఆ బొమ్మ చెరిగిపోతుంది.

అక్కడ ప్రతి పైలట్‌కు కంపెనీ ఒక విమానాశ్రయమును 'బేస్'గా ఇస్తుంది. డ్యూటీ అక్కడే మొదలు, అక్కడే ముగింపు. ఏ బేస్ ఎవరికన్నది సీనియారిటీని బట్టి ఉంటుంది. కొత్తగా చేరినవారికి పెద్దలు వద్దన్న చోటే మిగులుతుంది. బేస్ మారినప్పుడల్లా భార్య ఉద్యోగము, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు, అన్నిటినీ కదిలించడం ఎవరి తరము? అందుచేత ఇల్లు ఒక రాష్ట్రములో, పని మరొక రాష్ట్రములో. వలస వెళ్లే కుటుంబములున్న మన పల్లెలకు ఈ బాధ క్రొత్త కాదు.

బేస్‌కు చేరడానికి కూడ విమానమే ఎక్కాలి. టికెట్టు కొన్నవారందరూ ఎక్కాక సీటు మిగిలితే సరి. లేదంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనుకనుండే 'జంప్ సీట్', దానికి ఆ విమానపు కెప్టెన్ ఒప్పుకోవాలి. అదీ నిండితే తరువాతి విమానము కొరకు కాచుకోవాలి. అందుకే చాలమంది ముందురోజే బయలుదేరుతారు.

మరి ఆ రాత్రి పడక ఎక్కడ? డ్యూటీలో ఉండగా దూరపు ఊరిలో ఆగితే హోటల్ ఖర్చు కంపెనీది. బేస్‌లో మాత్రము ఎవరి తిప్పలు వారివే. కొందరు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, గదిలో మంచము మీద మంచము వేసుకుంటారు. దానిని 'క్రాష్ ప్యాడ్' అంటారు. ఒక మంచము ఒకరికే అయితే 'కోల్డ్ బెడ్', దానికి అద్దె ఎక్కువ. 'హాట్ బెడ్' అయితే ఆ రాత్రి ఏది ఖాళీగా ఉంటే అది. దుప్పటి ఎవరిది వారు తెచ్చుకోవాలి. న్యూయార్క్‌లో క్యూ గార్డెన్స్ అనే పేటలో ఇటువంటి ఇండ్లు ఎక్కువై, దానికి 'క్రూ గార్డెన్స్' అనే ముద్దుపేరు వచ్చింది. ఒకరు అర్ధరాత్రి వస్తారు, ఒకరు తెల్లవారుజామున మూడింటికి లేస్తారు. మిగిలినవారికి నిద్ర ఎలా పడుతుంది?

ఆ మంచము కూడ లేనివారున్నారు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి, నువార్క్ నుండి బఫెలోకు వెళ్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానము ఒక ఇంటి మీద కూలింది. విమానములోని 49 మంది, ఇంటిలో ఒకరు చనిపోయారు. కెప్టెన్ కాపురము ఫ్లోరిడాలో. కో-పైలట్ ముందు రాత్రంతా సరుకు విమానములలో సియాటెల్ నుండి దేశమంతా దాటి వచ్చింది. ఇద్దరికీ నువార్క్‌లో గది లేదు, సిబ్బంది గదిలోనే తల వాల్చారు. వేగము తగ్గి హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని దర్యాప్తు తేల్చింది. అలసట కూడ వారి పనితీరును తగ్గించి ఉండవచ్చునని, అది ఎంతవరకో నిర్ణయించలేమని చెప్పింది.

ఏలీయా బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లినప్పుడు దేవదూత అతనిని గద్దించలేదు. తినిపించాడు, మరల పడుకోనిచ్చాడు. నిద్ర ఎంత మానితే అంత భక్తి అని మన సంఘములలో కొందరంటారు. మేము దానికి ఒప్పుకోము. ఆల్ నైట్ ప్రార్థనలు అయ్యాక తల్లులను, పిల్లలను ట్రాక్టరులో ఇంటికి చేర్చే తమ్ముడు కూడ మనతోపాటు మేలుకొన్నవాడే. ఆ రాత్రి అతనికి ఒక చాప, దిండు ఇచ్చి ముందే పడుకోబెట్టాలని పెద్దలను కోరుతున్నాము.

ఆ ప్రమాదము తరువాత అమెరికాలో క్రొత్త నియమములు వచ్చి, 2014 జనవరి నుండి అమలయ్యాయి. ప్రయాణికుల విమానములు నడిపేవారికి డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఆటంకము లేని నిద్రకు అవకాశము ఉండాలి. తాను నడపడానికి తగిన స్థితిలో ఉన్నానని పైలట్ ప్రతి విమానమునకు ముందు చెప్పాలి. ఇంటి నుండి బేస్‌కు చేసే ప్రయాణము మాత్రము పని గంటలలో చేరదు.